కరివేపాకు మొక్కకు చలికాలం

ఇంగ్లండులో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో దక్షిణపు కిటికీ ఎవరి స్వంతమని అడిగితే, అది కరివేపాకు మొక్కదని చెప్పవలసి వస్తుంది. మా ఇంట్లోనూ అంతే. ఒక మిత్రుని కుటుంబం స్వదేశానికి తిరిగి వెళ్ళిపోతూ మాకు అప్పగించిన మొక్క అది. నడుమెత్తు పెరిగి, అయిదేళ్ళపాటు మా పోపులకు లోటు రానివ్వలేదు. ఆరవ ఏట జనవరిలో ఆకులు పసుపుబారి, రోజుకొక రెమ్మ చొప్పున రాలసాగాయి. రసాయన శాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నవాణ్ణి కదా, చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆకు పచ్చదనానికి నత్రజని అవసరం కనుక ఎరువు వేశాను. ఆకు వాడుతున్నది కనుక నీళ్ళు పోశాను. ఇంకా వాడితే ఇంకా పోశాను. ఫిబ్రవరి నాటికి కుండీలో ఒక ఎండుపుల్ల మిగిలింది. కాకినాడలో ఉన్న మా అమ్మకు ఫోనులో ఈ సంగతి చెబితే, "చలికాలంలో దానికి ఆకలెక్కడిది నాయనా, దాని మానాన దాన్ని వదిలెయ్యకపోయావా?" అన్నది.

ఆ మాటలోని శాస్త్రం నాకు బోధపడడానికి ఒక సంవత్సరం పట్టింది. ఆ సంవత్సరమంతా నాకు పాఠశాల అయినది లండను నగరానికి పడమట, థేమ్సు నది ఒడ్డున ఉన్న క్యూ రాజోద్యానం. 1759లో రాజకుటుంబం వారి తోటలో 9 ఎకరాల మేర మొదలైన ఈ వృక్షశాస్త్ర ఉద్యానం నేడు 300 ఎకరాలకు పైబడి విస్తరించి ఉన్నది.

మొక్క పోయిన దుఃఖంలో ఉన్న మా అమ్మాయిని ఊరడించడానికి ఆ ఫిబ్రవరిలోనే మొదట అక్కడికి తీసుకువెళ్ళాను. బయట చెట్లన్నీ మోడులు. నేల మీద మాత్రం స్నోడ్రాప్ పువ్వులు తెల్లగా తలలు వంచుకుని ఉన్నాయి. 1844–48 మధ్య ఇనుముతోను, గాజుతోను కట్టిన పామ్ హౌస్ తలుపు తెరవగానే నా కళ్ళద్దాలు మసకబారాయి. ఆ తడి వేడిగాలి ముఖాన తగిలినప్పుడు కాకినాడ స్టేషనులో రైలు దిగినట్లనిపించింది. అక్కడ ఒక కుండీమొక్కను చూశాం. దక్షిణాఫ్రికా నుండి 1775లో క్యూకు చేరిన సైకాడ్ అది. ఇరవై అయిదు దశాబ్దాలు కుండీలోనే బ్రతికింది! నా మొక్క ఆరేళ్ళు బ్రతకలేకపోవడానికి కుండీని నిందించే అవకాశం ఇక లేకపోయింది.

అసలు కారణం ఆరుబయట ఉన్న ఒక ఓక్ వృక్షం చెప్పింది. టర్నర్ ఓక్ అనే ఆ చెట్టుకు వయస్సు రెండు శతాబ్దాలకు పైమాటే. 1980ల నాటికి అది క్షీణిస్తూ ఉండేది. 1987 అక్టోబరు 15–16 తేదీల రాత్రి వచ్చిన పెనుతుఫానులో క్యూ సుమారు 700 చెట్లను కోల్పోయింది. ఆ గాలికి ఈ ఓక్ వేళ్ళతో, మట్టితో సహా పైకి లేచి, మళ్ళీ తన గుంటలోనే కూలబడింది. కూలిన చెట్ల పని ముందు చూడవలసి ఉండడం వలన సిబ్బంది దానికి ఊతకర్రలు పెట్టి విడిచిపెట్టారు. మూడేళ్ళకు వచ్చి చూస్తే, చచ్చిపోతుందనుకున్న చెట్టు కొత్త చిగుళ్ళతో కళకళలాడుతున్నది. ఏళ్ళ తరబడి సందర్శకుల పాదాల కింద అణగి గట్టిపడిన నేలను తుఫాను ఒక్క కుదుపుతో గుల్ల చేసిందనీ, ఊపిరాడని వేళ్ళకు గాలి అందిందనీ అప్పుడు గ్రహించారు. తరువాత ఇతర వృక్షాల చుట్టూ గట్టిపడిన నేలలోకి కూడ ఒత్తిడితో వాయువును పంపి గుల్లపరచడం అక్కడ ఒక చికిత్స అయింది.

ఆకు బొగ్గుపులుసు వాయువును తీసుకుంటుందని బడిలో చదువుకున్నాం గాని, వేరు ప్రాణవాయువును పీలుస్తుందన్న సంగతి మనకు అంతగా గుర్తుండదు. మట్టిరేణువుల మధ్య ఖాళీలు నీటితో నిండిపోతే, ఆ నీటిలో ప్రాణవాయువు గాలిలోకన్నా దాదాపు పదివేల రెట్లు మందంగా వ్యాపిస్తుంది. ఊపిరి అందని వేరు గ్లూకోజును పూర్తిగా దహించుకోలేక, కల్లు పులిసినట్లు పులియబెట్టుకుంటుంది. గాలి ఉన్నప్పుడు ఒక్కొక్క గ్లూకోజు అణువు నుండి ముప్పై దాకా ఏటీపీ అణువులు లభించే చోట, ఇప్పుడు లభించేవి రెండే. ఆ శక్తి చాలని వేరు నీటిని పైకి పంపలేదు. కుండీనిండా నీరున్నా ఆకు దాహంతో వాడుతుంది. మనం మరొక చెంబుడు పోస్తాం!

దీనికి చలి, చీకటి తోడవుతాయి. కాకినాడలో అతిచిన్న పగలు కూడ 11 గంటలుంటుంది. లండనులో డిసెంబరు పగలు 8 గంటలైనా నిండదు. వెలుతురు లేక ఆకు పని తగ్గించుకుంటుంది. చలికి వేరు నిద్రకు జోగుతుంది. నీరు కుండీలోనే నిలిచిపోతుంది. అమ్మ అన్న 'ఆకలి లేకపోవడం' ఇదే.

ఈ దేశపు మొక్కల తీరు వేరు. మా పిల్లలు అక్టోబరులో నాటిన తులిప్ దుంపలకు మూడు నెలలకు పైగా చలి తగిలితే గాని చక్కగా పూయవు. క్యూలోని బ్లూబెల్ పువ్వులు మరీ గడుసువి. పైనున్న చెట్లు ఆకు తొడిగి నీడ కమ్మేలోగానే, ఏప్రిల్ చివర నుండి మేలోగా నేలంతా నీలంగా పూసి, తమ పని ముగించుకుంటాయి. శరదృతువులో మేపుల్ వంటి చెట్లు పత్రహరితాన్ని విచ్ఛిన్నం చేసి, ఆకులోని నత్రజనిలో చాల భాగాన్ని వెనక్కు తీసుకుని, మిగిలిన ఆకును రాల్చివేస్తాయి. పసుపు రంగు అంతవరకు పచ్చదనం చాటున దాగి ఉన్నదే. ఎరుపు మాత్రం ఆ రోజులలో చెట్టు కొత్తగా తయారుచేసుకునేది. ఇంతటి పొదుపరి చెట్లను చూసిన తరువాత, జనవరిలో నేను కుమ్మరించిన ఎరువు తలచుకుంటే సిగ్గువేసింది.

రెండవ మొక్కను ఏప్రిల్‌లో తెచ్చాం. మట్టిలో మూడవవంతు ముతక ఇసుక, పెర్లైటు కలిపాను. ఎరువు వేసవికే పరిమితం. నవంబరు నుండి రేడియేటరుకు దూరంగా, వెలుతురున్న గదిలో ఉంచి, వేలు పెట్టి చూస్తే రెండంగుళాల లోతున పొడిగా ఉన్నప్పుడే కొద్దిగా నీరు పోశాం. పళ్ళెంలోకి దిగిన నీటిని వెంటనే పారబోశాం. జనవరిలో సగం ఆకులు రాలాయి. నా చేయి చెంబు మీదికి పోయినప్పుడల్లా మా అమ్మాయి వారించింది. ఏప్రిల్ మొదటి వారంలో రాలిన ప్రతి చోటా ఎర్రని చిగురు తొంగిచూసింది.

ఆ రోజులలోనే కరివేపాకు శాస్త్రీయనామం వెనుక కథ చదివాను. ముర్రయా కోనిగీ అన్న పేరులోని కోనిగ్ లినేయస్ శిష్యుడు, వైద్యుడు. 1768లో తరంగంబాడి చేరి, మన దేశపు మొక్కలను పరిశీలిస్తూ 1785లో కాకినాడ జగన్నాథపురంలో మరణించాడు. తన వ్రాతలను లండనులోని జోసెఫ్ బ్యాంక్స్‌కు వదిలి వెళ్ళాడు. క్యూకు దేశదేశాల మొక్కలను రప్పించినవాడు ఆ బ్యాంక్సే. అప్పట్లో సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలను గురించి వ్రాసిన గ్రంథం 1795 నుండి లండనులో వెలువడినదీ బ్యాంక్స్ పర్యవేక్షణలోనే. అందులో మన తెలుగు పేర్లు కూడ అచ్చయ్యాయి. రాక్స్‌బర్గ్ గీయించిన బొమ్మలు నేటికీ క్యూలో భద్రంగా ఉన్నాయి. చిన్నతనంలో జగన్నాథపురం వంతెన మీదుగా ఎన్ని వందల సార్లు నడిచానో, ఈ పేర్లలో ఒక్కటైనా నాకు ఎవరూ చెప్పలేదు.

చిగురు వార్తతో పాటు ఈ కథ కూడ అమ్మకు ఫోనులో చెప్పాను. అంతా శ్రద్ధగా విని, "అయితే ఆ దొర చారులో కరివేపాకు వేసుకునేవాడంటావా?" అని అడిగింది.