నొప్పి భుజంలో, కారణం పొట్టలో

మీ మోచేయి ఎప్పుడైనా బల్ల అంచుకు గట్టిగా తగిలిందా? దెబ్బ తగిలింది మోచేతికి, జివ్వుమన్నది చిటికెనవేలు! వేలిని ఎవరూ ముట్టుకోలేదు కదా, మరి అక్కడెందుకు తిమ్మిరెక్కింది? చిటికెనవేలి నుంచి మెదడుకు వార్తలు మోసుకుపోయే నాడి మోచేతి ఎముక వెనుక, చర్మానికి బాగా దగ్గరగా ఉంటుంది. దారి మధ్యలో ఆ నాడి కదిలినా, మెదడు మాత్రం అది వేలి నుంచి వచ్చిన వార్తే అనుకుంటుంది. అంటే నొప్పి పుట్టిన చోటు, నొప్పి తెలిసే చోటు ఎప్పుడూ ఒకటే కానక్కరలేదన్నమాట.

ఇప్పుడు భుజం సంగతి చూద్దాం. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో భుజాల కష్టం మీద బతికేవారు ఎందరో ఉన్నారు. మగ్గం మీద చీరలు నేసేవారు, మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీలు, దూరప్రాంతాలకు వలసపోయి మట్టి తట్టలు ఎత్తే కూలీలు. వీరిలో ఎవరికైనా భుజం నొప్పి వస్తే ఇంట్లోవాళ్లు ఏమంటారు? "పని ఎక్కువైంది, కాపడం పెట్టుకో" అంటారు. చాలాసార్లు ఆ మాట నిజమే. భుజం నొప్పులలో ఎక్కువ భాగం కీళ్లు, కండరాల వల్ల వచ్చేవే.

కాని ఒక నేతకారిణిని ఊహించుకోండి. ఆమెకు అప్పుడప్పుడు కుడి భుజం నొప్పి వస్తుంది. చేయి పైకెత్తినా, గుండ్రంగా తిప్పినా నొప్పి పెరగదు. భుజాన్ని నొక్కినా బాధ లేదు. పండుగనాడు నూనె వంటలు కడుపునిండా తిన్న రాత్రి మాత్రం కుడి పక్కటెముకల కింద నొప్పి, వికారం, దానితోపాటే భుజం నొప్పి. ఆమె పొట్టకు ఒక మాత్ర, భుజానికి మరో మాత్ర వేసుకుంటుంది. రెండు బాధలూ ఒకే అవయవం చెప్పే మాటలని ఆమెకు తోచదు.

మెడ నుంచి బయలుదేరిన నాడి

మన ఛాతీకి, పొట్టకు మధ్య గొడుగులా కప్పి ఉండే కండరపు పొర పేరు ఉదరవితానం. మనం గాలి పీల్చినప్పుడల్లా అది కిందికి దిగుతుంది. దాని కిందనే కుడివైపున కాలేయం, కాలేయానికి అంటుకుని పిత్తాశయం, ఎడమవైపున జీర్ణాశయం, ప్లీహం ఉంటాయి.

ఉదరవితానం పొట్ట దగ్గర ఉన్నా, దానిని నడిపే ఫ్రెనిక్ నాడి మాత్రం మెడలో పుడుతుంది. మెడలోని 3, 4, 5వ వెన్నునాడుల నుంచి బయలుదేరి, గుండె పక్కగా కిందికి దిగుతుంది. ఇంత దూరం ఎందుకు? తల్లి గర్భంలో నాలుగో వారంలో పిండం రూపుదిద్దుకునేటప్పుడు ఉదరవితానం మెడ దగ్గరే మొదలవుతుంది. ఎనిమిదో వారానికల్లా కిందికి దిగిపోతుంది. దిగుతూ దిగుతూ తన నాడిని కూడా వెంట లాక్కుపోతుంది!

భుజం మీది చర్మం నుంచి వచ్చే నాడులు కూడా వెన్నుపాములో దాదాపు ఆ చోటికే చేరుతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది.

గద్వాల జంక్షన్‌ను చూడండి. కర్నూలు నుంచి వచ్చే రైలు దారి, రాయచూరు నుంచి వచ్చే రైలు దారి అక్కడ కలుస్తాయి. అక్కడి నుంచి మహబూబ్‌నగర్ వైపు ఒకటే దారి. వనపర్తి రోడ్ స్టేషన్‌లో నిలబడినవాడికి గద్వాల వైపు నుంచి రైలు రావడం కనిపిస్తుంది. బోర్డు లేకపోతే అది ఏ ఊరిలో బయలుదేరిందో ఎలా తెలుస్తుంది? రోజూ కర్నూలు బండ్లనే చూసేవాడైతే ఇది కూడా కర్నూలుదే అనుకుంటాడు. మన మెదడు చేసేదీ అదే. భుజం నుంచి దానికి రోజూ వార్తలు వస్తాయి, ఉదరవితానం నుంచి ఎప్పుడో గాని రావు. అందుకే ఉదరవితానం మొరపెట్టుకున్నా "భుజం నొప్పి" అని రాసుకుంటుంది.

దీనికి ఆసుపత్రిలోనే ఒక రుజువు ఉంది. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే లాప్రోస్కోపీ ఆపరేషన్‌లో, లోపల చోటు కోసం కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపుతారు. ఆపరేషన్ తరువాత ఒకటి రెండు రోజులు చాలామంది భుజం నొప్పి అంటారు. వారి భుజాన్ని ఎవరూ కోయలేదు. ఆ వాయువు వల్ల రేగింది ఉదరవితానం!

ఏ అవయవం జబ్బుపడితే చర్మం మీద ఎక్కడ నొప్పి తెలుస్తుందో శ్రద్ధగా పరిశీలించినవాడు ఇంగ్లండు వైద్యుడు హెన్రీ హెడ్. 1893లో ఆయన ఈ విషయంపై తన పరిశీలనలు ప్రచురించాడు. 1903లో స్పర్శజ్ఞానాన్ని అర్థం చేసుకోవడానికి తన ముంజేతి నాడినే కోయించుకున్న సాహసి ఆయన.

ఎవరెవరు కారణం కావచ్చు?

పిత్తాశయంలో రాళ్లు ఉంటే, కొవ్వు పదార్థాలు తిన్నాక పిత్తాశయం ముడుచుకున్నప్పుడు నొప్పి వస్తుంది. అది కుడి భుజానికో, వీపుమీది రెక్క ఎముక కిందికో పాకుతుంది. కలుషితమైన నీటి ద్వారా పేగులలో చేరిన అమీబా కాలేయంలో చీముగడ్డ కట్టిస్తే జ్వరంతోపాటు కుడి భుజం నొప్పి రావచ్చు. దెబ్బ తగిలి ప్లీహం పగిలితే నొప్పి ఎడమ భుజంలో తెలుస్తుంది. గుండె జబ్బు కూడా భుజం నొప్పిగా కనిపించవచ్చు.

మరొక ప్రమాదం ఉంది, ఇది మనం కొని తెచ్చుకునేది. భుజం నొప్పికని డైక్లోఫెనాక్ వంటి మాత్రలు తమంతట తామే రోజుల తరబడి మింగేవారు ఉన్నారు. ఆ మాత్రలు జీర్ణాశయపు లోపలి పొరకు ఉండే రక్షణను తగ్గిస్తాయి. పుండు పడవచ్చు. ఆ పుండు రంధ్రమైతే గాలి, ఆమ్లం బయటికి వచ్చి ఉదరవితానాన్ని తాకుతాయి. మళ్లీ భుజం నొప్పి! నొప్పికి మందనుకున్నదే ప్రాణం మీదికి తెచ్చిందన్నమాట.

అందుకే ఇంట్లో ఎవరైనా భుజం నొప్పి అంటే మీరు నాలుగు ప్రశ్నలు అడగండి. చేయి కదిపితే నొప్పి పెరుగుతోందా? తిన్న తరువాత వస్తోందా? వికారం, వాంతులు, జ్వరం ఉన్నాయా? కళ్లు పచ్చబడ్డాయా? కదిపితే పెరగని నొప్పికి పొట్ట బాధ తోడైతే డాక్టరుకు రెండూ కలిపి చెప్పాలి. రోగం పేరు తేల్చే పని మాత్రం డాక్టరుదే. అల్ట్రాసౌండ్ పరీక్షలో, మన చెవికి వినపడని ధ్వని తరంగాలు రాయిని తాకి ప్రతిధ్వనించి దాని జాడ చెబుతాయి. పొట్ట చెక్కలా బిగిసిపోయినా, ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉన్నా, దెబ్బ తగిలిన తరువాత భుజం నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పెద్ద డాక్టరు కోసం ప్రతిసారీ హైదరాబాదు దాకా పోనక్కరలేదు.

ఇక మీకొక ప్రశ్న. గుండె ఉన్నది ఛాతీలో. మరి గుండెపోటు నొప్పి చాలామందికి ఎడమ చేతిలోకి ఎందుకు పాకుతుంది? గద్వాల జంక్షన్‌ను తలచుకుని ఆలోచించండి. జవాబు మీకే దొరుకుతుంది.