పాత ఫ్రిజ్ చౌక - కరెంటు ప్రియం

మిర్యాలగూడ (మా విలేఖరి): పట్నంలో పాతబడిన వస్తువు పల్లెకు చేరడం కొత్త సంగతేమీ కాదు. సైకిళ్ళు అలాగే వచ్చాయి, టీవీలు అలాగే వచ్చాయి. ఇప్పుడు ఫ్రిజ్‌ల వంతు. దసరాకో దీపావళికో హైదరాబాద్‌లో కొత్త ఫ్రిజ్ కొన్న కొడుకు, పదిహేనేళ్ళు వాడిన పాతదాన్ని డి.సి.ఎం. వ్యానులో వేయించి ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు పంపుతాడు. పట్నంలో కొడుకులు లేనివారు సెకండ్‌హ్యాండ్ దుకాణంలో మూడు నాలుగు వేలకు బేరమాడి తెచ్చుకుంటారు. పెట్టె తుడిస్తే తెల్లగానే ఉంటుంది. తలుపు తీస్తే దీపం వెలుగుతుంది. నీళ్ళు చల్లబడతాయి, దోసెల పిండి పులియకుండా ఉంటుంది. ఇంకేం కావాలి? బేరం బాగున్నదో లేదో తేలేది నెల తిరిగాక, బిల్లు కొట్టే మనిషి మీటరు ముందు నిలబడినప్పుడు.

రాష్ట్రంలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లులు వస్తున్నాయి. రేషన్ కార్డు ఉండి, పథకంలో పేరు నమోదైన ఇంట్లో నెలకు 200 యూనిట్ల లోపు కాలితే కట్టవలసింది ఏమీ ఉండదు. కాని 200 దాటిందా, దాటిన ఒక్క యూనిట్‌తో సరిపోదు. మొదటి యూనిట్ నుంచీ మొత్తానికి డబ్బు కట్టాలి. ఆ 201వ యూనిట్ ఖరీదు రమారమి వెయ్యి రూపాయలన్నమాట! పాత ఫ్రిజ్ పేదింటికి చేసే అపకారం ఇక్కడే ఉన్నది.

లెక్క ఇలా ఉన్నది

పాత చిన్న ఫ్రిజ్‌లో కంప్రెసర్ నడిచేటప్పుడు 125 వాట్లు లాగుతుందనుకుందాం. మంచి స్థితిలో ఉన్న ఫ్రిజ్‌లో కంప్రెసర్ కాసేపు నడిచి, చల్లబడగానే ఆగిపోతుంది. రోజు మొత్తం మీద 12 గంటలు నడిస్తే ఒకటిన్నర యూనిట్, నెలకు 45 యూనిట్లు. అదే తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఎండి బిగుసుకుపోయి, థర్మోస్టాట్ పనిచేయక, రోజుకు 20 గంటలు గుర్రుమంటూనే ఉంటే రెండున్నర యూనిట్లు. నెలకు 75.

చలికాలంలో ఈ 75 ఎవరికీ కనిపించదు. అసలు పరీక్ష మే నెలలో. మూడు గదుల్లో మూడు పాత ఫ్యాన్లు, ఒక్కొక్కటి 75 వాట్లది, రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 81 యూనిట్లు. టీవీకి 15. వాకిట్లో ఒకటి, వంటింట్లో ఒకటి పాత 60 వాట్ల బల్బులు అయిదేసి గంటలు వెలిగితే 18. నీళ్ళ మోటారు, మిక్సీ, ఇస్త్రీపెట్టె, సెల్‌ఫోన్ల ఛార్జింగ్ అన్నీ కలిపి మరో 15 వేసుకోండి. మొత్తం 204. ఆ నాలుగు యూనిట్ల కోసం వెయ్యి రూపాయలు వదులుతాయి. కూలరు కూడా ఉన్న ఇంటి సంగతి చెప్పనక్కర లేదు.

ఇప్పుడు వస్తున్న చిన్న ఫ్రిజ్‌ల మీద అంటించిన స్టార్ చీటీని చూస్తే ఏడాదికి 200 యూనిట్ల లోపే ఉంటున్నది. నెలకు 15 అనుకున్నా పై ఇంట్లో లెక్క 144 దగ్గర ఆగుతుంది. ఫ్యాన్ల జోలికి పోకుండానే, ఒక్క ఫ్రిజ్ మారితేనే ఇంత తేడా. ఫ్యాన్లు కూడా మారిస్తే, కొత్తగా వస్తున్న బి.ఎల్.డి.సి. రకం సుమారు 30 వాట్లతోనే అంత గాలీ ఇస్తున్నది. గోడకు పాత పెద్ద డబ్బా రెగ్యులేటర్ ఉంటే ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అది వెచ్చగా తగులుతుంది. ఆ వేడి మీరు కొన్న కరెంటే.

చీటీ ఉన్నా నమ్మరాదు

దేశంలో స్టార్ గుర్తుల పద్ధతి 2006లో మొదలైంది. ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లకు 2010లో తప్పనిసరి చేశారు. సీలింగ్ ఫ్యాన్లకు ఆ నిబంధన 2023 జనవరిలో గాని రాలేదు. సెకండ్‌హ్యాండ్ దుకాణంలో కొన్ని ఫ్రిజ్‌ల మీద అయిదు చుక్కల చీటీ ఇంకా అంటుకునే ఉంటుంది. దాన్ని చూసి మోసపోరాదు. కొలమానాన్ని కొన్నేళ్ళకొకసారి కఠినం చేస్తుంటారు కనుక పదేళ్ళ కిందటి అయిదు చుక్కలు నేటి అయిదు చుక్కలు కావు. పైగా చీటీ మీది అంకె కొత్త యంత్రానిది. రెండుసార్లు గ్యాసు నింపించుకుని, ఒకసారి కంప్రెసర్ మార్పించుకున్న యంత్రానికి ఆ అంకె వర్తించదు.

మెకానిక్ అవసరం లేకుండా ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు రెండున్నాయి. పది రూపాయల నోటును తలుపు సందులో పెట్టి మూయండి. లాగితే బిగువుగా రావాలి. జారిపోయి వచ్చిందంటే రబ్బరు పోయినట్టే. ఫ్రిజ్ మరీ పాతది కాకపోతే రబ్బరు ఒక్కటి మార్పించుకుంటే సరిపోవచ్చు. రెండోది, ఇంటిల్లిపాదీ పెళ్ళికి ఊరెళ్ళేటప్పుడు ఫ్రిజ్ ఒక్కటి ఉంచి మిగతావన్నీ ఆపి మీటరు అంకె రాసుకోండి. తిరిగి వచ్చాక మళ్ళీ చూడండి. రోజుకు రెండు యూనిట్లు దాటితే ఆ ఫ్రిజ్ మీకు చౌకగా రాలేదని తెలుసుకోవాలి. ఫ్రిజ్‌ను గోడకు ఆనించి పెట్టి, వెనక జాలీకి బూజు పట్టనిచ్చినా ఇదే ఫలితం వస్తుంది గనుక ముందు అది దులిపి, జానెడు దూరం జరిపి, అప్పుడు లెక్క చూడడం న్యాయం.

పాతదంతా పారేయమని చెప్పడం కాదు. ఇస్త్రీపెట్టెకు కాయిల్ వేయించుకోవడం, మిక్సీకి బుష్‌లు మార్పించుకోవడం మంచి పనే. అవి రోజుకు కొన్ని నిమిషాలు నడిచేవి. రాత్రింబవళ్ళు నడిచే యంత్రం దారి వేరు.

చావు లేని యంత్రం

ఇంతకూ పట్నం ఇంట్లో కొత్త ఫ్రిజ్ వచ్చినందువల్ల కరెంటు ఆదా అయిందా అంటే, ఆ ఇంట్లో అయింది. దేశానికి కాలేదు. ఎక్స్ఛేంజ్ మేళాలో రెండు వేలు తగ్గించి తీసుకున్న పాత ఫ్రిజ్ చాలావరకు మళ్ళీ రంగు వేయించుకుని మరో ఇంటికే చేరుతున్నది. అక్కడ పాడైతే కిరాణా కొట్టుకు, అక్కడినుంచి కూల్‌డ్రింకుల బంకుకు. ప్రతి మజిలీలోనూ కరెంటు ఎక్కువ తాగుతుంది, ప్రతి మజిలీలోనూ యజమాని ముందటి యజమాని కంటే పేదవాడు.

మన జిల్లాలోనే దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద 800 మెగావాట్ల యూనిట్లు అయిదింటితో యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి సుమారు 600, 700 గ్రాముల బొగ్గు కావాలి. పాత ఫ్రిజ్ నెలనెలా ఎక్కువగా లాగే 60 యూనిట్లకు దాదాపు 40 కిలోలు. నెలకొక బస్తా బొగ్గు ఆ ఇంటి పేరు మీద మండుతున్నదన్నమాట.

ఎట్టకేలకు కంప్రెసర్ కాలిపోయినప్పుడు పాత ఇనప సామాన్ల బండి వస్తుంది. వారికి కావలసింది ఇనుము, రాగి, అల్యూమినియం. రాగి గొట్టం కోయగానే లోపలి గ్యాసు సుయ్యిమని గాలిలో కలిసిపోతుంది. గోడల్లోని పచ్చటి ఫోం ఊరి బయట తేలుతుంది. వెనకటి ఫ్రిజ్‌లలో ఉండే ఆర్-12 గ్యాసు ఓజోన్ పొరను తినేది. భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు సుమారు పది వేల రెట్లు. అలాంటి గ్యాసుల తయారీని మన దేశం 2008 ఆగస్టులో ఆపివేసింది. తరువాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయదు గాని వేడి విషయంలో ఇంచుమించు 1,400 రెట్లు. ఇప్పటి వాటిలో వాడే ఆర్-600ఎ ఈ రెండు దోషాలూ లేనిదే. అయితే అది మండే వాయువు. సంగతి తెలియక మంట పెట్టి గొట్టం కోసేవాడికి ప్రాణాపాయం.

చట్టం లేకపోలేదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు 2012 మే నుంచే ఉన్నాయి. తిరగరాసిన నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. పాతబడిన సరుకు రిజిస్టరైన కర్మాగారాల్లో రీసైకిల్ అయ్యేలా చూసే బాధ్యత తయారీ కంపెనీలదే. మండల కేంద్రంలో పాడైన ఫ్రిజ్ ఉన్న మనిషికి మాత్రం తెలిసిన దారి ఆ సామాన్ల బండి ఒక్కటే.

బల్బుల విషయంలో ఈ తెలివి ప్రభుత్వాలకు ఒకసారి వచ్చింది. 2014-15లో కృష్ణ అవతల గుంటూరుతో సహా కొన్ని జిల్లాల్లో పాత బల్బులు రెండు తెచ్చిస్తేనే పదేసి రూపాయలకు రెండు ఎల్.ఇ.డి. బల్బులు ఇచ్చారు. పాతది వెనక్కి తీసుకోవడమే అందులో కీలకం. ఢిల్లీలో విద్యుత్ పంపిణీ సంస్థలు పాత ఏ.సి.లు తీసుకుని తగ్గింపు ధరకు కొత్తవి ఇప్పించే పథకం నడిపాయి. ఉచిత కరెంటు ఇచ్చే చోట ఇలాంటిది మరీ అవసరం. ఇంటింటా మిగిలే 60 యూనిట్లు సర్కారు ఖజానాకే మిగులుతాయి. ఫ్రిజ్ ధరలో కొంత సర్కారు భరించి, మిగతాది బిల్లుతో పాటు వాయిదాల్లో వసూలు చేసి, పాతదాన్ని సబ్‌స్టేషన్ వద్దనే తూకం వేసి తీసుకుంటే ఈ గొలుసు తెగుతుంది.

అంతవరకు పాతదాన్ని మరొకరికి అంటగట్టడం ఇష్టంలేనివారు ప్లగ్గు పీకి బీరువాగా వాడుకోవచ్చు. పప్పులు, విత్తనాలు, పిల్లల పుస్తకాలు దాచుకోవడానికి పనికివస్తుంది, ఎలుకలు కొట్టవు. అయితే దాగుడుమూతలాడే పిల్లలు లోపల దూరి తలుపు పడితే ఊపిరాడదు. కనుక తాళం పీకించి, లోపలి అరలు తీయకుండా అలాగే ఉంచాలి.