నెమలివన్నె సీతాకోకచిలుక

కరివేపచెట్టు లేని పెరడు మనలో అరుదు. దాని లేతయాకులపై పక్షిరెట్టవలె గనబడు చిన్నపురుగును జూచి, రోసి, నలిపివేయని గృహిణియు నరుదే. ఆ పురుగే పెరిగి పచ్చనై, కొన్నిదినములు కదలిక లేని కోశమై యుండి, తుదకు పెద్ద సీతాకోకచిలుక యగును. ఆ కుటుంబమునకే చెందిన మిక్కిలి సొగసైన జాతి నొకదానిని సోదరీమణులకు పరిచయము చేసెదను.

శాస్త్రజ్ఞులు దీనిని పాపిలియో క్రైనో యనియు, ఆంగ్లేయులు కామన్ బాండెడ్ పీకాక్ అనియు పిలిచిరి. ఇది దక్షిణభారతమునను సింహళమునను గలదు. మన తూర్పుకనుమల యడవులలోను గానవచ్చును. రెక్కలు చాచినపుడు వెడల్పు సుమారు 10 మొదలు 12 సెంటీమీటర్లు. నల్లని రెక్కలపై పచ్చనిపొడి చల్లినట్లుండును. ముందురెక్కలనుండి వెనుకరెక్కలవరకు నీలము గలిసిన పచ్చనిపట్టె తళతళలాడును. వెనుకరెక్కలకు తోకలుండును. అడుగుభాగము మాసిన గోధుమవన్నె యగుటచే, రెక్కలు ముడిచినంతనే చిలుక మాయమైనట్లు తోచును.

దీనిని బోలినవానితో పొరపడరాదు. పారిస్ పీకాక్‌నకు పట్టెకు మారుగా వెనుకరెక్కలపై పెద్ద నీలిమచ్చ యుండును. పడమటికనుమలలోని మలబారు జాతికి పట్టె మిగుల వెడల్పు; కేరళప్రభుత్వము 2018లో దానినే రాష్ట్రపు సీతాకోకచిలుకగా నెంచుకొన్నది. బ్లూ మార్మన్ లేతనీలమేగాని, దానికి తోకయు లేదు, ఈ తళుకును లేదు.

ఇంతకు నీ తళుకెక్కడిది? రెక్కను దాకిన వ్రేలికంటు పొడి నిజముగా సన్నని పొలుసులు. ఇందు మెరయునది రంగు పూత కాదు. సబ్బుబుడగలో రంగులు పుట్టినట్లే, పొలుసులలోని పలుచని పొరలపై వెలుగు పరావర్తనము చెందుటచే నీవన్నె కలుగును. దీనికి దగ్గరచుట్టమైన పాపిలియో పాలినూరస్ పొలుసులలో సూక్ష్మమైన గుంటలున్నవి. గుంట యడుగు పసుపును, అంచులు నీలమును వెలార్చగా, మన కన్ను రెంటిని గలిపి పచ్చగా జూచునని 2000 సంవత్సరమున శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పసుపు, నీలము గలిపి పచ్చరంగు చేయు చిత్రకారుని నేర్పే యిది!

మన క్రైనోపురుగునకు బిల్లుచెట్టు ఆకు ఆహారము. విలువైన కలపకై ఆ చెట్లు నరకబడినకొలది దానికి పుట్టినిల్లు కరవగును. అడవిని గాచుట యెల్లర కార్యము. పెరటిని గాచుట మన చేతిలోనిదే. కరివేపయు బిల్లును నారింజ కుటుంబపు వృక్షములే. ఆ యాకులపై పురుగును ముట్టినచో తలవెనుకనుండి ఎఱ్ఱని చీలుకొమ్మును చాచి ఘాటైన వాసన విడుచును. అది చీమలను బెదరించుటకే, మనకు హాని లేదు. నాలుగు రెబ్బలు దానికి విడువుడు. కొలదిదినములలో మీ బిడ్డలు చూచు వింతకు అది మిగుల చౌకవెల.