అల్జీమర్స్ వ్యాధి - మెదడులోని కావలి కణాలు

బళ్ళారి కంటోన్మెంట్ ప్రాంతంలో ఇంట తెలుగు, అంగడిలో కన్నడం మాట్లాడే వృద్ధులు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరు ఏళ్ల తరబడి నడిచిన దారినే మరచి నిలబడిపోతే, వయసు మీదపడిందని ఇంటివారు సరిపెట్టుకోవడం పరిపాటి. అది ఎల్లప్పుడూ వయసు లక్షణం కాదు. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు నిండినవారిలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా ఉన్నది. దానికి కారణమయ్యే వ్యాధులలో అల్జీమర్స్ ప్రధానమైనది.

1906లో జర్మన్ వైద్యుడు అలాయిస్ అల్జీమర్, మరణించిన తన రోగి మెదడులో వింత ముద్దలను, నాడీకణాలలో చిక్కుపడిన పోగులను చూపించారు. ముద్దలు అమిలాయిడ్ అనే మాంసకృత్తువి, పోగులు టావ్ అనే మాంసకృత్తువి అని తరువాతి కాలంలో తేలింది. చాలాకాలం శాస్త్రజ్ఞుల దృష్టి అంతా వీటి మీదనే నిలిచింది. వాటి చుట్టూ మూగిన చిన్న కణాలను అంతగా పట్టించుకోలేదు.

ఆ చిన్న కణాలే మైక్రోగ్లియా. 1919లో స్పెయిన్ శాస్త్రజ్ఞుడు పియో డెల్ రియో ఒర్తేగా వీటిని ప్రత్యేకంగా గుర్తించి వర్ణించారు. పిండదశలోనే మెదడును చేరి అక్కడే స్థిరపడే ఈ కణాలు సన్నని కొమ్మలను నిరంతరం చాచి పరిసరాలను తడుముతూ ఉంటాయి. చచ్చిన కణాలను, చెత్తను మింగివేస్తాయి. అమిలాయిడ్ ముద్ద కనబడితే చుట్టూ చేరి దానిని కట్టడి చేస్తాయి. అయితే ముద్దలు కరగక ఏళ్ల తరబడి ఉండిపోతే ఈ కణాలు అలసిపోతాయి, వాపును పుట్టించే రసాయనాలను విడుదల చేస్తూనే ఉంటాయి. దొంగ దొరకక ఇంటివారినే కొట్టే కావలివాని తీరు అది. నాడీకణాల నడుమ సంధులను సైతం ఇవి మింగుతున్నట్లు 2016లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపింది.

అలాగని వీటిని దోషులుగా నిలబెట్టరాదు. ఈ కణాలలో పనిచేసే ట్రెమ్-2 అనే జన్యువులో ఒక అరుదైన మార్పు ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు సుమారు మూడు రెట్లు ఎక్కువని 2012లో వెల్లడైంది. కావలి బలహీనపడినా కీడే అన్నమాట.

అందుకే చికిత్స కఠినమైనది. వాపు తగ్గించే నాప్రోక్సెన్, సెలెకాక్సిబ్ మాత్రలతో వ్యాధిని నివారించవచ్చునేమోనని అమెరికాలో జరిపిన ప్రయోగంలో, గుండెకు హాని కలుగవచ్చుననే భయంతో 2004లో మాత్రలు ఇవ్వడం ఆపివేశారు. రక్షణ కూడా కనబడలేదు. కావలి కణాలను ఉత్తేజపరచాలని తయారు చేసిన మందు ఒకటి 2024లో విఫలమైంది. 2023లో అమెరికా పూర్తి ఆమోదం పొందిన లెకానెమాబ్ అమిలాయిడ్‌కు అంటుకొని, ఈ కణాలు దానిని మింగేందుకు తోడ్పడుతుంది. వ్యాధి తొలిదశలో ఉన్నవారిలో క్షీణతను కొంత నెమ్మదింపజేస్తుందే గాని నయం చేయదు. మెదడులో వాపు, రక్తస్రావం కలిగే ప్రమాదమూ ఉన్నది. కనుక నొప్పి మాత్రలను గాని, రోగనిరోధక శక్తి పెంచుతుందని అమ్మే చూర్ణాలను గాని మతిమరుపుకు మందుగా పెద్దలకు ఇవ్వడం తగదు.

సరిహద్దు పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి. హైదరాబాదులో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రెండు భాషలు మాట్లాడేవారికి వ్యాధి దాదాపు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనబడింది. ఇది కావలి కణాలను పరీక్షించిన అధ్యయనం కాదు. రెండు భాషలు వచ్చినవారికి వ్యాధి రాదనీ దీని అర్థం కాదు.

థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 కొరత, మానసిక కుంగుబాటు వలన కూడా ఇటువంటి మతిమరుపు కలుగుతుంది. వీటికి చికిత్స ఉన్నది. కనుక దారి మరచిన పెద్దలను ముందుగా వైద్యునికి చూపి, ఈ పరీక్షలు చేయించడం అవసరం.