వార్తల్లో పదం: మినరల్ సన్‌స్క్రీన్

ఎండలు ముదిరాయంటే వార్తల్లో కనిపించే మాట మినరల్ సన్‌స్క్రీన్. జింక్ ఆక్సైడ్ గానీ, టైటానియం డయాక్సైడ్ గానీ, రెండూ గానీ కలిపి చేసే ఎండ లేపనం ఇది. అవొబెంజోన్, ఆక్సిబెంజోన్ లాంటి రసాయనాలతో చేసేది సింథటిక్ రకం.

మినరల్ రకం కిరణాలను అద్దంలా తిప్పికొడుతుందని చాలామంది నమ్మకం. నిజానికి రెండు రకాలూ అతినీలలోహిత కిరణాలను ప్రధానంగా పీల్చుకోవడం ద్వారానే మనల్ని కాపాడతాయి. మినరల్ కొంత చెదరగొడుతుంది కూడా. అసలు తేడా ఒంటిమీద తెలుస్తుంది. చామనచాయ చేతికి జింక్ రాస్తే విబూది పూసినట్టు తెల్లటి పొర తేలుతుంది, కానీ సున్నితమైన చర్మానికి సాధారణంగా ఇదే నప్పుతుంది. సింథటిక్ ఇట్టే ఇంకిపోతుంది, కొందరికి కళ్లు మండుతాయి.

2019లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్‌లను సురక్షితమైనవిగా ప్రతిపాదించి, 12 సింథటిక్ రసాయనాలపై మరింత సమాచారం అడిగింది. అవి హానికరమని మాత్రం తేల్చలేదు. పగడపు దిబ్బలను కాపాడేందుకు హవాయి 2021 నుంచి ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని నిషేధించింది.

అప్పనపల్లిలో బాలబాలాజీ దర్శనానికి ముందు వైనతేయ నదిలో మునిగేవారికీ, కోనసీమ తోటల్లో కొబ్బరి దింపు తీసేవారికీ ఈ ఎంపిక అక్కరకొచ్చేదే. ఒంటికి రాసుకునే కొబ్బరినూనె సన్‌స్క్రీన్‌కు బదులు కాదు. ఏ రకమైనా ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకూడదు, ట్యూబు మీద అతినీలలోహిత-ఎ కిరణాల నుంచి రక్షణను తెలిపే పీఏ గుర్తు ఉండాలి. రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చాక మళ్లీ రాయాలి. తలకు కండువా మరవకూడదు. ఒంటికి పడి, రోజూ రాసుకోగలిగేదే మీకు సరైనది.