డోలు కొట్టేవాళ్ళకు ఎంత మిగులుతుంది?



జాతరలో, పెళ్ళిలో డోలు మోగితే మనమందరం ఆడతాం. కానీ డోలు కొట్టేవాళ్ళు ఎట్లా బతుకుతున్నారో లెక్క వేసి చూడం. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

మా కాక డోలు కొడతాడు. వాళ్ళ మేళంలో ఆరుగురు. నలుగురివి డోళ్ళు, ఇద్దరు అక్కుం ఊదుతారు. మేడారం జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. పెళ్ళిళ్ళు కొన్ని నెలలే ఉంటాయి, వాటికి కూడా ఇప్పుడు డీజే బాక్సులు తెస్తున్నారు. అందుకే పట్నం నుంచి పిలుపు వస్తే మేళంవాళ్ళు కాదనరు.

పోయిన వేసవి సెలవుల్లో హైదరాబాదు ఉస్మానియా యూనివర్సిటీలో జరిగే ఒక సభకు పిలిచారు. పిలిచింది యూనివర్సిటీ వాళ్ళు కాదు, సభ పెట్టుకున్నవాళ్ళు వేరే. మేళంలో ఎవరికీ చదువు రాదు కాబట్టి లెక్క రాయడానికి నన్ను తీసుకపోయారు. తాడ్వాయిలో బస్సు ఎక్కి, ఉప్పల్‌లో దిగి, సిటీ బస్సులో తార్నాక పోయినాం. యూనివర్సిటీ అక్కడే.

నా పుస్తకంలో రాసిన లెక్క ఇది:

ఇచ్చింది – 9,000 రూపాయలు
ఆరుగురికి రానుపోను బస్సు – 4,200
డోళ్ళ లగేజీ, ఆటో – 600
తార్నాకలో, దారిలో ఏడుగురి తిండి, చాయ్ – 1,800
మిగిలింది – 2,400

పంచితే తలకు 400 వచ్చింది. రెండు రోజులు పోయినాయి కాబట్టి రోజుకు 200. మా ఊళ్ళో కూలికి పోతే రోజుకు 500 ఇస్తారు. పైగా అది తునికాకు కోసే కాలం. ఆ పని ఏడాదిలో కొద్ది రోజులే ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి నాకు టికెట్టు పడలేదు. కానీ డోలు మోసేది మగవాళ్ళు.

ఎందుకు ఇట్లా అవుతుంది? వాయించింది ఇరవై నిమిషాలు. పిలిచినవాళ్ళు ఆ ఇరవై నిమిషాలకే వెల కడతారు. ప్రయాణం, పోయిన కూలి, డోలు తోలు చినిగితే మళ్ళీ వేయించే ఖర్చు లెక్కలోకి రావు. టెంటు, మైకు వాళ్ళు ముందే రేటు మాట్లాడుకొని అడ్వాన్సు తీసుకున్నారు. మేళానికి మాత్రం శాలువా కప్పి, పైసలు నెల తర్వాత పంపినారు.

పేరు వచ్చినా కష్టం పోదు. మన కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో చనిపోయారు. పద్మశ్రీతో పతకం, పత్రం ఇస్తారు, డబ్బు ఇవ్వరు. అదే ఏడాది పద్మశ్రీ పొందిన కిన్నెర మొగిలయ్య గారు 2024లో హైదరాబాదు దగ్గర కూలి పని చేస్తూ కనిపించారు. ఆ తర్వాత ప్రభుత్వం ఇంటి జాగా ఇచ్చింది. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు నెల జీతం ఇచ్చారు. మిగతావాళ్ళు పిలుపు కోసం చూడాల్సిందే.

మనం చేయగలిగింది ఒకటి ఉంది. పిలుపు వచ్చిన రోజే కాగితం మీద మూడు మాటలు రాయించుకోవాలి: దారి ఖర్చు వేరుగా ఇవ్వాలి, పోయిన ప్రతి రోజుకు కూలి కట్టాలి, వాయించిన రోజే పైసలు ఇవ్వాలి. మన పెద్దవాళ్ళకు రాయడం రాదు, మనకు వచ్చు. సెలవులకు పోయినప్పుడు మీ ఊరి మేళానికి ఆ కాగితం రాసి ఇవ్వండి.

– 9వ తరగతి విద్యార్థిని