పెరటి తోటకు బ్యాటరీ కత్తెర: కొనే ముందు గమనించవలసినవి

కోయంబత్తూరు–పొళ్ళాచ్చి రహదారిపై ఉన్న కినత్తుకడవులో మునగ, కరివేప, నిమ్మ, మందార లేని పెరడు అరుదు. నైరుతి ఋతుపవన కాలంలో పాలక్కాడు కనుమ గుండా వచ్చే గాలి ఈ ప్రాంతాన్ని బలంగా తాకుతుంది. పెళుసైన మునగకొమ్మ విరిగి ఇంటికప్పుపైననో, బాటసారిపైననో పడకుండా ఉండాలంటే గాలికాలానికి ముందే కొమ్మలు కత్తిరించడం మేలు. ఇందుకు బ్యాటరీతో నడిచే కత్తెరలు ఇప్పుడు అంగళ్ళలో లభిస్తున్నాయి.

అవసరం: నాలుగు కుండీలు, రెండు మందారమొక్కలు ఉన్న ఇంటికి చేతి కత్తెరే చాలును. చెట్లు అధికంగా ఉన్నవారికి, పిడికిలి పట్టు తగ్గిన వృద్ధులకు, కీళ్ళనొప్పులతో బాధపడేవారికి బ్యాటరీ కత్తెర ఉపకరిస్తుంది.

రకం: ఒక అలుగు మరొకదాని ప్రక్కగా జారుతూ కోసే కత్తెర పచ్చికొమ్మలకు తగినది, దాని కోత నలగకుండా శుభ్రంగా ఉంటుంది. దువ్వెన వంటి పళ్ళు గలది కంచెమొక్కలకూ గడ్డికీ మాత్రమే పనికివస్తుంది. బొటనవ్రేలంత కొమ్మను అది కోయలేదు. మీరు తరచుగా కోసే కొమ్మల మందాన్ని ముందే కొలుచుకొని, అంతకంటె కొంత అధిక సామర్థ్యం గలదానిని ఎంచుకోండి. దానికి మించిన కొమ్మకు రంపమే సరి.

బ్యాటరీ: ఒక పెట్టెపై 18 వోల్టులనీ, మరొకదానిపై 21 వోల్టులనీ ఉంటే రెండవది బలమైనదని భ్రమపడరాదు. రెండింటిలోనూ సాధారణంగా ఐదు లిథియం సెల్లులే ఉంటాయి. ఒక్కొక్కటి 3.6 వోల్టుల చొప్పున లెక్కిస్తే 18. పూర్తిగా ఛార్జి అయినప్పటి 4.2 చొప్పున లెక్కిస్తే 21. ఎంతసేపు పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఆంపియర్-అవర్ సంఖ్యను చూడండి. విడి అలుగులు, విడి బ్యాటరీ, మరమ్మతు సౌకర్యం దగ్గరలో దొరుకుతాయో లేదో విచారించండి. బ్యాటరీ అమర్చిన కత్తెరను అంగడిలోనే ఒక నిమిషం చేయి పైకెత్తి పట్టుకొని చూడండి. బరువు అప్పుడే తెలుస్తుంది.

భద్రత: చేతి కత్తెర వ్రేలికి తగిలితే మన చేయి వెంటనే ఆగుతుంది, మోటారు అట్లు ఆగదు. కనుక మీట అనుకోకుండా నొక్కుకొనకుండా అడ్డుకునే తాళం గలదానినే కొనండి. రెండవ చేతిని అలుగులకు దూరంగా ఉంచండి. అలుగులు తుడిచే ముందు బ్యాటరీని తప్పక తొలగించండి. వానలో వాడకండి, పిల్లలకు అందనీయకండి. విద్యుత్తు తీగలకు ఆనుకొన్న కొమ్మలను మీరు ముట్టక, విద్యుత్ సంస్థకు తెలియజేయండి.

పాడైన బ్యాటరీని ఇంటిచెత్తలో కలపరాదు. నలిగిన లిథియం బ్యాటరీ చెత్తబండిలోనే మండిపోగలదు. దానిని ఎత్తే పారిశుద్ధ్య కార్మికునికి అది ప్రాణాపాయం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం దానిని విడిగా ఉంచి సేకరణకు అప్పగించడం వాడుకదారుని బాధ్యత. కత్తిరించిన కొమ్మలను సైతం కాల్చక, ఎరువుగా మార్చుకొనండి.